తిరుపతి లాంటి ఊళ్లో ఫిల్ము రీలును ఎవరికి, ఏం చెప్పి అమ్మాలి?

గాంధీరోడ్డు ఫ్రేములు (తిరుపతి) అడిగిన ప్రశ్న:

మాది గాంధీ రోడ్డుకు దగ్గరలో ఆల్బములు, ఫొటో ఫ్రేములు, కెమెరా బ్యాటరీలు అమ్మే చిన్న దుకాణం. మా నాన్నగారి కాలంలో గల్లాపెట్టె పక్కనే రీళ్ల అర ఒకటి ఉండేది. డిజిటల్ కెమెరాలు వచ్చాక దాన్ని తీసేసి అక్కడ మెమరీ కార్డులు పెట్టాము. ఇప్పుడు వాటినీ పెద్దగా ఎవరూ అడగడం లేదు గానీ, కొంతకాలంగా విశ్వవిద్యాలయాల వైపు నుంచి వచ్చే విద్యార్థులు 35 ఎం.ఎం. ఫిల్ము రీళ్లు ఉన్నాయా అని అడుగుతున్నారు. తెప్పించి పెడితే మొదటి విడత త్వరగానే అమ్ముడుపోయింది. అయితే ఒకసారి కొన్నవారిలో రెండోసారి వచ్చినవారు చాలా తక్కువ.

రీళ్లు సరఫరా చేసే పంపిణీదారు ఈ మధ్య మా దుకాణానికి వచ్చి, తయారీ కంపెనీ వారికి తాను ఒక నివేదిక పంపవలసి ఉందనీ, చిన్న నగరాల్లో అమ్మకాలు పెరగాలంటే ఎలాంటి ప్రచారం చేయాలో నన్ను కూడా రాసి ఇమ్మనీ అడిగారు. ఆయన చూపిన పోస్టర్లన్నీ పాత జ్ఞాపకాల మీదే నడిచాయి: వెలిసిన రంగులు, తాతగారి కెమెరా, తిరిగిరాని రోజులు. మా దగ్గర రీలు కొంటున్న పిల్లలకు ఆ రోజులే తెలియవు. తెలిసిన పెద్దవారేమో రీలు కొనరు. అందువల్ల ఆ పోస్టరు ఎవరిని ఉద్దేశించిందో నాకు బోధపడలేదు.

నాకు తోచినవి రెండే ఉన్నాయి. ఒకటి యాత్రికులు. తిరుమల ఆలయం లోపలికి ఫోన్లూ కెమెరాలూ తీసుకువెళ్లకూడదు, కానీ మెట్లదారిలోనూ కపిలతీర్థం దగ్గరా చంద్రగిరి కోటలోనూ అందరూ ఫొటోలు తీసుకుంటూనే ఉంటారు. ఫిల్ము ముందే ఎక్కించి ఉండి ఒక్కసారి మాత్రమే వాడే కెమెరాను అలిపిరి దగ్గర అమ్మితే ఎలా ఉంటుంది? రెండోది పెళ్లి ఫొటోగ్రాఫర్లు. ప్రతి పెళ్లిలోనూ ఒక్క రీలు అదనంగా తీసి ఇచ్చే పద్ధతిని వారితో మొదలుపెట్టించవచ్చా? ఈ రంగం తెలిసినవారు మొహమాటం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత స్టూడియో (చిత్తూరు) జవాబు:

చిత్తూరులో చాలాకాలం స్టూడియో, ఆ తరువాత కలర్ ల్యాబు నడిపి మూసేసినవాణ్ని. పోస్టర్ల సంగతి పక్కన పెట్టండి. మొదటిసారి కొన్నవారు రెండోసారి ఎందుకు రాలేదన్నదే మీ అసలు ప్రశ్న, దానికి జవాబు రీలు కడిగే చోట, అంటే తీసిన ఫిల్మును రసాయనాల్లో ముంచి బొమ్మ తేల్చే చోట ఉంది. మీ దగ్గర రీలు కొన్న విద్యార్థి దాన్ని తీశాక ఎక్కడికి పట్టుకుపోవాలి? తిరుపతిలో చోటు లేక ఆ రీలు వాడి సంచిలోనే పడి ఉంటుంది. తీసిన రీలు కడిగించనివాడు కొత్త రీలు కొనడు.

ఫిల్ము వ్యాపారం పుట్టినప్పుడే ఈ సంగతి తేలిపోయింది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమెరికాలో మొదటి కొడాక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మినప్పుడు అందులో 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము ఎక్కించే ఇచ్చాడు. అన్నీ తీసిన తరువాత కెమెరాను కెమెరాగానే రోచెస్టర్‌లోని ఫ్యాక్టరీకి పంపితే, 10 డాలర్లు తీసుకుని ఫిల్ము కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు. మీరు మీట నొక్కండి, మిగతాది మేము చూసుకుంటాము అన్నదే వారి ప్రకటన. అప్పటికే కెమెరాలు ఎన్నో ఉన్నాయి, ఫిల్మూ ఉంది. మామూలు గృహస్థు భయపడింది రసాయనాలకూ చీకటి గదికీ. ఈస్ట్‌మన్ అమ్మింది ఆ భయం నుంచి విడుదలను.

మన దగ్గరా అలాగే జరిగింది. ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాలో 120 నంబరు రీలు ఒకటి వేసి 12 ఫొటోలు తీసుకున్న కుటుంబాలు జిల్లాలో ఎన్నో ఉండేవి. ఊటీలో 1960లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' సరుకు మా చీకటి గదుల్లో మామూలు వస్తువు. తరువాత కలర్ వచ్చింది. బోర్డు మీద కంపెనీ పేరు, లోపల కలర్ ల్యాబు, గంటలో ప్రింట్లు. ఆ బోర్డే వారి ప్రచారం. రీలు ఎక్కడ కొన్నారో కడిగించడమూ అక్కడే, ప్రింట్ల కవరులో ఉచితంగా వచ్చే చిన్న ఆల్బమూ అక్కడే, ఆ చేత్తోనే ఇంకో రీలు కొనడమూ అక్కడే.

కలర్ ల్యాబులు ఎందుకు మూతపడ్డాయో కూడా మీ నివేదికలో రాయండి, ఎందుకంటే మళ్లీ తెరవాలంటే కంపెనీవారు ఎదుర్కోవలసింది ఆ చిక్కునే. కలర్ నెగెటివ్‌ను సీ-41 పద్ధతిలో కడుగుతారు. డెవలపర్, అంటే బొమ్మను పైకి తేల్చే రసాయనం, 37.8 డిగ్రీల వేడిలో ఉండాలి, ఫిల్ము అందులో 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి, వేడి కొంచెం అటూ ఇటూ అయినా రంగు మారుతుంది. యంత్రం ఈ పనంతా తానే చేసుకుంటుంది, అందులో కష్టమేమీ లేదు. కష్టమల్లా రోజూ తగినన్ని రీళ్లు రావడం. కడిగిన ప్రతి రీలుకూ లెక్క ప్రకారం కొత్త రసాయనం తొట్టిలోకి చేరుతుంది, పాతది పొంగి బయటికి పోతుంది. రీళ్లు తగ్గితే కొత్త రసాయనం చేరదు, తొట్టిలో ఉన్నది గాలి తగిలి చెడిపోతుంది. అప్పుడు మూడు రీళ్ల కోసం తొట్టెడు రసాయనం పారబోయవలసి వస్తుంది, లేదా చెడిన రసాయనంలోనే కడిగి గిరాకీకి పచ్చబారిన ముఖాలు ఇవ్వవలసి వస్తుంది. కొందరు ఈ రెండో పని చేశారు, ఉన్న గిరాకీ కూడా పోయింది. అంటే ఫిల్ము తీసేవారు పూర్తిగా మాయం కావడానికి చాలా ముందే ల్యాబు నడవలేని స్థితి వచ్చేసింది. ఊళ్లో ల్యాబు మూతపడగానే మిగిలినవారు కూడా ఫిల్ము మానేశారు.

ఇక మీ యాత్రికుల ఆలోచన. నేను వద్దంటాను. యాత్రికుడు ఇవాళ దర్శనం చేసుకుని రేపు రైలెక్కేవాడు. పూర్వం తలనీలాలు ఇచ్చిన పిల్లవాడిని తీసుకుని స్టూడియోకు వచ్చే కుటుంబాలకు మేము చిరునామా రాసుకుని ప్రింట్లు పోస్టులో పంపేవాళ్లం. వారికి మా మీద నమ్మకం, మాకు పోస్టు మీద నమ్మకం ఉండేవి. ఈ రోజుల్లో ఎవరో అపరిచితుడు అమ్మిన అట్టపెట్టె కెమెరాను తమ ఊరికి తీసుకుపోయి, కడిగేవాడి కోసం వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ గిరాకీకి కావలసింది అప్పటికప్పుడు చేతికి వచ్చే ఫొటో. అది వేరే సరుకు.

వాణిజ్య పాఠం (తిరుపతి) జవాబు:

నేను ఇక్కడి ఒక డిగ్రీ కళాశాలలో మార్కెటింగ్ బోధిస్తాను, ఖాళీ దొరికినప్పుడు ఫిల్ము కెమెరాతో తిరుగుతాను. పాత స్టూడియో గారు చెప్పినదాంట్లో చాలా భాగం ఒప్పుకుంటూనే, తయారీదారు వైపు నుంచి కూడా ఒకసారి చూడాలని కోరుతున్నాను, ఎందుకంటే మీ నివేదిక చదివేది ఆయనే.

ఫిల్ము తయారీ కుటీర పరిశ్రమ కాదు. చాలా వెడల్పైన ప్లాస్టిక్ పట్టీ మీద పూర్తి చీకటిలో పలుచని రసాయనపు పొరలు ఒకదానిపై ఒకటి పూసి, ఆ తరువాత దాన్ని మనకు తెలిసిన 35 ఎం.ఎం. పట్టీలుగా కోస్తారు. ఒకసారి యంత్రం మొదలుపెడితే కొద్దిపాటి సరుకు తీసి ఆపడం గిట్టుబాటు కాదు. అందుకే గిరాకీ సగానికి పడిపోయినప్పుడు ఖర్చు సగానికి తగ్గదు. 2012 జనవరిలో ఈస్ట్‌మన్ కొడాక్ దివాలా రక్షణ కోరినప్పుడు, అదే ఏడాది ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మును ఆపేసినప్పుడు పని చేసినది ఈ లెక్కే. ఆ యంత్రాన్ని నిలబెట్టినవారిలో మనలాంటి అభిరుచి ఫొటోగ్రాఫర్ల కన్నా సినిమా వారి పాత్ర పెద్దది. 2015లో ఆరు పెద్ద హాలీవుడ్ స్టూడియోలు కొడాక్ నుంచి సినిమా ఫిల్ము కొంటామని ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ పూత యంత్రం తిరుగుతూ ఉండబట్టే 2018లో ఎక్టాక్రోమ్ మళ్లీ రాగలిగింది. కాబట్టి తిరుపతిలో రీళ్లు అమ్ముడుపోతాయా అన్నది రోచెస్టర్‌లోని కొడాక్‌కు పెద్ద విషయం కాదు. అది పెద్ద విషయమయ్యేది పంపిణీదారుకూ మీకూ మాత్రమే. ఈ తేడా తెలిసి రాస్తేనే మీరు అడిగినది మీకు దక్కుతుంది.

జ్ఞాపకాల పోస్టరు గురించి మీ అనుమానం సరైనదే. తీసిన వెంటనే ప్రింటు చేతికిచ్చే ఫ్యూజీ ఫిల్మ్ వారి ఇన్‌స్టాక్స్ కెమెరా కథ చూడండి. 1998లో మొదలైన ఆ కెమెరా 2002 ప్రాంతంలో ఏడాదికి పది లక్షల దాకా అమ్ముడుపోయి, 2004 నాటికి లక్షకు పడిపోయింది. సాధారణంగా అక్కడితో కథ ముగియాలి. 2007 తరువాత కొరియా టెలివిజన్ ధారావాహికల్లో కనిపించి, ఆసియా దేశాల్లో యువతుల చేతుల్లోకి వెళ్లడంతో మళ్లీ లేచింది. కంపెనీ వెంటనే దాని రూపురేఖలను వారికి నచ్చేలా మార్చింది. 2018 ఆర్థిక సంవత్సరం నాటికి అమ్మకాలు కోటి దాటాయి. అందులో తాతగారి జ్ఞాపకం ఎక్కడా లేదు. పుట్టినరోజున స్నేహితురాలి చేతిలో పెట్టగలిగే కాగితం ముక్క ఉంది. యాత్రికుల విషయంలో పాత స్టూడియో గారు చెప్పిన అప్పటికప్పుడు ఫొటో కూడా ఇదే. గుండు చేయించుకున్న పిల్లవాడి ఫొటో అక్కడికక్కడే అవ్వ చేతికి వస్తే దానికి డబ్బు ఇవ్వడానికి ఏ కుటుంబమూ వెనుకాడదు. అలిపిరి దగ్గర మీరు దుకాణం పెడితే ఆ సరుకే పెట్టండి. దాన్ని రీళ్ల నివేదికలో మాత్రం కలపకండి.

రీలు అమ్మడానికి ఈ మధ్య అందరూ వాడుతున్న మాట ఇంకొకటి ఉంది: 36 ఫొటోలే ఉంటాయి గనుక నిదానించి, ఆలోచించి తీస్తారట. ఇది నాకు ఎప్పుడూ రుచించలేదు. నిదానమే కావాలనుకున్నవాడు ఫోనుతో కూడా రోజుకు ఒక్కటే తీసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉండే కలర్ రీలు కొనిపించడానికి ఆ ఉపదేశం చాలదు. పైగా పెంటాక్స్ వారు 2024లో తెచ్చిన కొత్త ఫిల్ము కెమెరా ఫ్రేమును సగం చేసి అదే రీలులో 72 ఫొటోలు ఇస్తుంది. కొడాక్ పేరుతో వచ్చే ఎక్టార్ హెచ్35 కూడా అంతే. కెమెరాలు తయారుచేసేవారికి కొనుగోలుదారు మనసు తెలుసు: తక్కువ ఫొటోలు ఎవరికీ అక్కరలేదు, తక్కువ ఖర్చు కావాలి.

అయితే ఏం చెప్పాలి? ఈ వస్తువు చేత్తో తయారవుతుందనీ, తయారయ్యే పనిలో కొన్నవాడికీ భాగం ఉందనీ చెప్పాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ చీర కొనేవారిని గమనించండి. అచ్చు వేసిన బట్ట అదే బొమ్మతో చవకగా దొరుకుతున్నా, కళాకారుడు వెదురు కలంతో గీత గీస్తుంటే పక్కన కూర్చుని చూసినవాడు బేరం ఆడటం మానేస్తాడు. ఫిల్ము కంపెనీలు తమ సరుకులోని ఈ భాగాన్నే మూత వెనక దాచిపెడుతున్నాయి. ఇల్‌ఫర్డ్ ఫిల్మును తయారుచేసే ఇంగ్లండులోని హార్మన్ సంస్థ ఒక్కటే దీన్ని కొంత అర్థం చేసుకున్నట్టు కనిపిస్తుంది. కొత్తవారు లీటరు సీసాలు కొని పాడుచేసుకోకుండా రెండు రీళ్లకు సరిపోయే డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే ఫిక్సర్‌లను చిన్న పొట్లాల్లో అమ్ముతోంది. 2023 చివర ఫీనిక్స్ అనే కలర్ ఫిల్మును విడుదల చేసినప్పుడు, ఇది మా మొదటి ప్రయత్నం, గింజ (ఫొటోలో కనిపించే సన్నని చుక్కలు) ఎక్కువ, కాంట్రాస్టు (వెలుగునీడల తేడా) ఎక్కువ, మీరు కొన్న డబ్బుతో దీన్ని మెరుగుపరుస్తాము అని ముందే చెప్పింది. జనం కొన్నారు. నాకు తెలిసినంతలో ఈ రంగంలో ఇటీవల వచ్చిన మంచి ప్రచారం అదే.

ఒక హెచ్చరిక కూడా చేర్చండి. నెగెటివ్ శాశ్వతం అని కంపెనీ చేత చెప్పించవద్దు. నలుపు తెలుపు వెండి నెగెటివ్‌ను సరిగా కడిగి, పొడిగా దాచితే తరాలు నిలుస్తుందన్నది నిజం. కలర్ నెగెటివ్‌లో ఉన్నది రంగు అద్దకం, అది వెలిసిపోతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ కవరులో బిగించి పెడితే రెండింటికీ బూజు పడుతుంది. మన ఇళ్లలో పెళ్లి నెగెటివ్‌లు తీసి చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అబద్ధపు హామీతో రెండో రీలు అమ్మగలరేమో గానీ పదో రీలు అమ్మలేరు.

పెళ్లి ఫొటోగ్రాఫర్ల గురించి ఎక్కువ చెప్పను. ముహూర్తం ఒక్కసారే వస్తుంది, కడిగితేగానీ ఫలితం తెలియని వస్తువును ఆ సమయంలో ఎవరూ నమ్ముకోరు. డబ్బున్న కుటుంబాలు అదనపు అలంకారంగా అడిగితే అడుగుతాయి.

జాతర నెగెటివ్ (తిరుపతి) జవాబు:

నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. మీ దుకాణం లాంటి చోటనే రీలు కొని, రెండోసారి కొనడానికి వెనుకాడినవారిలో నేనూ నా స్నేహితురాళ్లూ ఉన్నాము గనుక, కారణాలు రాయడం నా బాధ్యత అనిపించింది.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకొక వేషం కట్టి వీధుల్లోకి వచ్చేవారిని నలుపు తెలుపు ఫిల్ముతో తీయాలని మా బృందం అనుకుంది. ముఖాన పూసిన బొగ్గు, సున్నం, చందనం నలుపు తెలుపులో చాలా బాగా పలుకుతాయని విన్నాము. నిజంగానే పలికాయి. కానీ రీలు చేతికి వచ్చిన క్షణం నుంచి ఫొటో చూసేదాకా మేము అడిగిన ప్రశ్నలకు ఊళ్లో జవాబు చెప్పేవారు ఎవరూ కనబడలేదు. ఇంట్లో దొరికిన పాత కెమెరా పనిచేస్తున్నదా, దాని వెనక తలుపు అంచున ఉండే నురుగు పట్టీ జిగురుగా కరిగిపోతే వెలుతురు లోపలికి పోతుందా, వెలుతురు కొలిచే మీటరుకు కావలసిన బ్యాటరీ ఇప్పుడు దొరుకుతుందా, రీలు సరిగ్గా పట్టుకున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? ఈ చివరిదానికి జవాబు చాలా సులభమని తరువాత తెలిసింది: ఫిల్మును ముందుకు తిప్పినప్పుడు ఎడమవైపు ఉండే రివైండ్ మీట కూడా తిరగాలి, తిరగకపోతే ఫిల్ము కదలడం లేదని అర్థం. ఆ ఒక్క వాక్యం రీలు డబ్బా మీద ముద్రించి ఉంటే ఎంతమంది మొదటి రీలు ఖాళీగా పోకుండా ఉండేదో!

ఖర్చు సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. రీలు ధర మాకు భారమే, కానీ అది ముందే తెలిసిన భారం. తెలియనివి దాని తరువాత వస్తాయి: వేరే నగరంలోని ల్యాబుకు కొరియరు, కడగడానికి ఒక ధర, స్కానుకు ఒక ధర, పెద్ద సైజు స్కాను కావాలంటే ఇంకొక ధర, నెగెటివ్‌లు తిరిగి కావాలంటే మళ్లీ కొరియరు. మొత్తం ఎంత అవుతుందో రీలు కొన్న రోజునే ఎవరైనా చెప్పి ఉంటే, మేము కొనడం మానేవాళ్లం కాదు, నలుగురం కలిసి ఒకేసారి పంపేవాళ్లం.

నలుపు తెలుపు రీలును హాస్టల్లోనే కడుగుకోవచ్చని వాణిజ్య పాఠం సార్ చెప్పిన పొట్లాల లాంటివి చూసి మాకూ ఆశ పుట్టింది. సూచనల్లో నీళ్లు 20 డిగ్రీలు ఉండాలని రాసి ఉంది. జాతర జరిగేది మే నెలలో. ఆ నెలలో మా హాస్టల్ కుళాయిలో 20 డిగ్రీల నీళ్లు ఏ వేళకూ రావు. ఈ సూచనలు రాసినవారు మన ఎండలను ఊహించలేదు. పాత స్టూడియో గారూ, మీరంతా ఆ రోజుల్లో ఎలా కడిగేవారు?

పాత స్టూడియో (చిత్తూరు) జవాబు:

జాతర నెగెటివ్ అమ్మాయికి ముందు జవాబు. 20 డిగ్రీలు శిలాశాసనం కాదమ్మా. వేడి పెరిగితే డెవలపర్ త్వరగా పనిచేస్తుంది, సమయం తగ్గించుకుంటే సరిపోతుంది. ఇల్‌ఫర్డ్ వారి నలుపు తెలుపు హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మును సగానికి సగం నీళ్లు కలిపిన డీ-76 అనే డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు కడుగుతారు. 24 డిగ్రీల దగ్గర అది ఏడున్నర, ఎనిమిది నిమిషాల మధ్యకు వస్తుంది. అంతకన్నా వేడెక్కనివ్వకుండా చూసుకోండి, సమయం 5 నిమిషాల కన్నా తగ్గితే మరకలు మరకలుగా కడుగుతుంది. మేము చేసిందల్లా ఒక్కటే. ముందు రాత్రి కుండలో పోసి ఉంచిన నీళ్లు వాడేవాళ్లం, పెద్ద బేసినులో మంచుగడ్డలు వేసిన నీళ్లు పోసి ట్యాంకునూ డెవలపర్ సీసానూ అందులో నిలబెట్టేవాళ్లం. మంచుముక్క డెవలపర్‌లోకి మాత్రం పడకూడదు. కడిగే నీళ్లు కూడా అదే వేడిలో ఉండేలా చూసుకోండి, చల్లని డెవలపర్ నుంచి తీసి మిద్దె మీది ట్యాంకు నీళ్ల కింద పెడితే పైపొర ముడతలు పడుతుంది. వాడిన ఫిక్సర్‌ను మోరీలో పోయకండి. అందులో వెండి ఉంటుంది. మా కాలంలో దాన్ని కొనుక్కుపోయేవాళ్లు స్టూడియోల చుట్టూ తిరిగేవారు.

ఈ మాటలన్నీ తెలుగులో, ఒకే ఒక్క కాగితం మీద, మన వేసవి వేడికి తగిన సమయాల పట్టికతో ముద్రించి ప్రతి రీలుతో ఇవ్వడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది? పోస్టరు కన్నా తక్కువే అవుతుందని నా అంచనా.

వాణిజ్య పాఠం గారు అన్నట్టు రోచెస్టర్ మన గురించి ఆలోచించకపోవచ్చు. నేను తిరుపతిలో ల్యాబు తెరవమని కూడా అనడం లేదు, దానికి రోజూ రావలసిన రీళ్లు ఇక్కడ లేవని నాకంటే ఎవరికి బాగా తెలుసు! కానీ తీసిన రీలును పుచ్చుకుని, రాసుకుని, చెన్నైకి పంపి, తిరిగి తెచ్చి ఇచ్చే బల్ల ఒకటి ఉంటే చాలు. ఉదయం రైలెక్కి వెళ్లి రాత్రికి తిరిగి వచ్చేంత దూరమే అది.

గాంధీరోడ్డు ఫ్రేములు (తిరుపతి):

అందరికీ కృతజ్ఞతలు. యాత్రికుల ఆలోచననూ పెళ్లిళ్ల ఆలోచననూ నివేదిక నుంచి తీసేస్తున్నాను. రీళ్లు పుచ్చుకునే బల్ల మా దుకాణంలో పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, వారానికి ఒకసారి చెన్నై వెళ్లి వచ్చే పని మాకు ఎలాగూ ఉంది. ఒక సందేహం మిగిలింది. కడిగే ఖర్చును రీలు ధరలోనే కలిపి, ఒకే ధరగా అమ్మమని కంపెనీని అడగవచ్చా? అలా చేస్తే జాతర నెగెటివ్ గారు చెప్పిన తెలియని భారం తొలగిపోతుంది కదా?

వాణిజ్య పాఠం (తిరుపతి) జవాబు:

అడగవచ్చు, కానీ ఎలా అడగాలన్నది చూసుకోవాలి. కొడాక్ అమెరికాలో సరిగ్గా ఇదే చేసింది. కలర్ ఫిల్మును కడిగే ఖర్చుతో కలిపి ఒకే ధరకు అమ్మేది. కొన్నవారికి సుఖంగానే ఉండేది గానీ బయటి ల్యాబులకు పని దొరక్కుండా పోయింది. ప్రభుత్వం పోటీ చట్టాల కింద కేసు వేసింది, 1954లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికాలో ఆ రెండు ధరలనూ విడదీయవలసి వచ్చింది. ఆ తరువాతే అక్కడ స్వతంత్ర ల్యాబులు పెరిగాయి. మన దగ్గర ఆ స్థాయి గుత్తాధిపత్యం ఎవరికీ లేదు, అయినా ఇంట్లో కడుగుకునే విద్యార్థుల చేత ల్యాబు ఖర్చు కట్టించడం న్యాయం కాదు.

అందుచేత రీలును రీలుగానే అమ్మండి. దాని పక్కనే ముందే డబ్బు కట్టిన కవరు ఒకటి అమ్మండి. కడగడం, మామూలు సైజు స్కాను, చెన్నైకి రానూపోనూ ఖర్చు, నెగెటివ్‌లు తిరిగి ఇవ్వడం అన్నీ అందులో కలిసి ఉండాలి, ధర కవరు మీదే అచ్చయి ఉండాలి. కంపెనీని అడగవలసిన సాయం మూడు విషయాల్లో ఉంటుంది: ఆ కవర్లు ముద్రించి ఇవ్వడం, మొదటి ఏడాది రవాణా ఖర్చు భరించడం, పెద్దవారు చెప్పిన తెలుగు కాగితాన్ని రీలుతో పాటు ఇవ్వడం. పంపిణీదారుకు మీరు చూపవలసిన లెక్క కూడా అమ్మిన రీళ్లది కాదు, తిరిగి వచ్చిన కవర్లది. వంద రీళ్లు అమ్మి పది కవర్లు తిరిగి వస్తే ఆ ఊళ్లో ఫిల్ము అమ్ముడుపోతున్నట్టు కాదని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ పోస్టర్లే పంపుతారు.

జాతర నెగెటివ్ (తిరుపతి):

కవరు వెనక, రీలును ఏ వేగానికి (వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే ఐ.ఎస్.ఓ. అంకెకు) తీశామో రాయడానికి ఒక గడి పెట్టించండి. 400 రీలును సాయంత్రపు వెలుతురులో 1600గా తీసినప్పుడు ల్యాబువారికి అది చెప్పకపోతే మామూలుగా కడిగేస్తారు, ఫొటోలన్నీ నల్లగా వస్తాయి. జాతర ఫొటోలు తీసేవారికి అది తప్పనిసరి.